మా నాయన పిక్కలో జల

ఇప్పుడు పొద్దున్నే బూట్లు వేసుకుని, చేతులు ఊపుకుంటూ నడిచే పెద్దమనుషులను చూస్తే నాకు నవ్వాగదు. ఎక్కడికండీ అంటే ఎక్కడికీ లేదంటారు. ఊరికే నడవడమట, ఆరోగ్యమట. పంతొమ్మిది వందల అరవైల్లో బత్తలపల్లె పక్కనున్న మా ఊళ్లో ఇట్లా నడిచి ఉంటే తెలిసేది వీళ్లకు. మా ఊళ్లో పని లేకుండా చేలల్లో తిరిగేవాళ్లు రెండు రకాలే. ఒకడు తిక్కవాడు, ఇంకొకడు నీళ్లు చూసేవాడు. మా నాయనను మొదట తిక్కవాడన్నారు. తర్వాత నీళ్లు చూసేవాడన్నారు. ఈ రెండింట్లో తిక్కవాడనిపించుకోవడమే సుఖమని నేను ఇప్పటికీ అంటాను.

నీళ్లు చూడడమంటే ఏమిటో తెలియనివాళ్లకు చెబుతాను. మా వైపు వాన పడితే పండగ, పడకపోతే మామూలే. బావి తవ్వాలంటే ఎక్కడ తవ్వాలో చెప్పే మనిషి కావాలి. కొందరు అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరుగుతారు, నీళ్లున్న చోట టెంకాయ లేచి నిలబడుతుంది. కొందరి చేతుల్లో పంగలకర్ర తిరుగుతుంది. వీళ్లందరికంటే గొప్పవాళ్లు ఇంకొందరు. వాళ్లకు ఏ సామానూ అక్కర్లేదు. ఉత్త కాళ్లతో నడుస్తుంటారు, భూమి లోపల జల పారే చోటికి రాగానే పిక్క పట్టేస్తుంది. అక్కడే నిలబడిపోతారు, మొహం అదో రకంగా పెడతారు. కాసేపటికి పిక్క వదిలేస్తుంది, మళ్లీ నడుస్తారు. అట్లాంటివాళ్లు చాలా అరుదని, ఏ ఊళ్లో పుడితే అది ఆ ఊరి అదృష్టమని మా వాళ్ల నమ్మకం. మా నాయనకు వచ్చిన రోగం అచ్చం ఇట్లాగే ఉండేది.

నేనప్పుడు మా ఊరి బళ్లోనే టీచరుని. మా ఆయన గుంతకల్లులో రైల్వే పని చేస్తూ, సెలవు దొరికినప్పుడు వచ్చి, బట్టలు ఉతికించుకుని పోయేవాడు. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో నేనూ నాయనా. నాయనకు బుడ్డలు, అదే వేరుశనగ, పండే చేను ఒకటి ఉండేది. పండే అని మర్యాదకు అంటున్నాను. అందులో ఏమున్నా లేకపోయినా పొద్దునొకసారి, సాయంత్రమొకసారి పోయి చూసి రాకపోతే ఆయనకు సంగటి గొంతు దిగేది కాదు. "చూస్తే మొలుస్తాదా నాయనా?" అంటే "చూడకుంటే అలుగుతాది మా" అనేవాడు. అమ్మా అనే పిలుపు ఆయన నోట మా అయ్యేది. నోట్లో బీడీ లేకుండా ఆయన మొహం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. పడుకున్నా చెవి మీద ఒకటి ఉండేది.

ఒక ఏడు గమనించాను, చేనికి పోయిన మనిషి ఎంతకీ ఇల్లు చేరడు. వెనకాలే పోయి చూశాను. కొంత దూరం బాగానే నడుస్తాడు. తర్వాత ఎడమ కాలు ఈడుస్తాడు. తర్వాత నిలబడిపోతాడు. దారిన ఎవరైనా వస్తుంటే మబ్బుల కోసం వెతుకుతున్నట్లు ఆకాశం చూస్తాడు. లేదంటే ఉన్న పంచె విప్పి మళ్లీ కట్టుకుంటాడు. ఒక పూట కాకితో మాట్లాడుతుంటే పట్టుకున్నాను.

"ఏమైంది నాయనా?"

"ఏమీ లే. పిక్క రవ్వంత పట్టింది."

"రోజూ పడతాదా?"

"నడిస్తే పడతాది. నిలబడితే పోతాది. కూచుంటే ఏ బాధా లేదు మా."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఊరంతా కుంటోడంటారు. నేను ఒక్కొక్కర్ని ఎట్ల ఎగతాళి చేసినానో నీకు తెలీదా? అందురూ కాచుకోనుండారు."

అది మాత్రం నిజం. కుంటేవాళ్లను, దగ్గేవాళ్లను, పెళ్లాంతో తిట్లు తినేవాళ్లను, ఎవరినీ ఆయన వదిలిపెట్టలేదు. అయినా నేను ఊరుకోలేదు. బస్సెక్కించి అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయాను.

అక్కడి డాక్టరు మా వైపు మనిషి కాదు, మెత్తగా మాట్లాడేవాడు. నాయన పాదం పైన వేళ్లు పెట్టి, కళ్లు మూసుకుని, చాలాసేపు దేనికోసమో వెతికాడు. "ఇక్కడ నాడి దొరకడం లేదు" అన్నాడు.

నాయన నా వైపు తిరిగి, "నాడి లేదంట మా. నాకంటే ముందే నా కాలు పోయిందా ఏమి?" అన్నాడు.

డాక్టరు నవ్వి ఓపిగ్గా చెప్పాడు. "కాలికి రక్తం తీసుకుపోయే గొట్టం పూడింది పెద్దాయనా. పంట కాలువలో ఒండ్రు పేరుకుంటే చివరి మడికి నీళ్లు అందవు కదా. కూర్చుంటే ఆ కాస్త రక్తమే సరిపోతుంది. నడిస్తే చాలదు, అందుకే పిక్క నొప్పి."

"మందియ్యి సార్."

"నడకే మందు. నొప్పి పుట్టేదాకా నడువు. బాగా పట్టిందంటే నిలబడు. నొప్పి పోయాక మళ్లీ నడువు. రోజూ అట్లా నడవగా నడవగా పక్కన పిల్ల కాలువలు తెరుచుకుంటాయి. ఆగకుండా నడిచే దూరం మెల్లగా పెరుగుతుంది. బీడీ మాత్రం ముట్టుకోకూడదు."

"ముట్టుకుంటే?"

"కాలి వేలికి ఒక చిన్న పుండు పడితే చాలు, మానదు. వేలు నల్లబడుతుంది. అప్పుడు వేలు తీస్తాం, తర్వాత పాదం, ఆ తర్వాత..." అని డాక్టరు తన అరచేతిని మోకాలి కింద అడ్డంగా పెట్టి చూపించాడు.

నాయన ఆ చేతిని చూస్తూ ఉండిపోయాడు. ఆయన నోరు మూసుకుని ఉండగా చూడడం నాకదే మొదలు.

బస్సెక్కాక నోరు తిరిగి వచ్చింది. "నడిస్తే నొప్పి సార్ అంటే నడవమంటాడు! కడుపునొప్పి అని పోతే ఇంకా రెండు ముద్దలు తినమంటాడేమో! ఇదేం వైద్యం మా? ఈయన చదివినాడా, లేక ఊరికే తెల్లకోటు తొడుక్కోని కూచున్నాడా?" అని బస్సులో అందరికీ వినిపించేలా తిట్టాడు. ఊరు దగ్గర పడేసరికి గొంతు తగ్గింది. "కాలు లేకుంటే చేన్ను ఎవరు చూస్తారు మా?" అన్నాడు. నడుస్తావా లేదా అన్నాను. నడుస్తానన్నాడు, కానీ ఊళ్లో ఎవరికీ చెప్పకూడదని అమ్మ మీద ఒట్టు వేయించుకున్నాడు. అమ్మ ఉండి ఉంటే ఆ ఒట్టూ లేదు, గిట్టూ లేదు, ఇద్దరినీ కలిపి తిట్టి ఉండేది.

మా ఇంటి వెనక నుంచి బండిబాట. ముందు వంక వస్తుంది, వాన పడ్డప్పుడే నీళ్లు పారే వంక. దాటితే వంకచేను. దాని మీద అన్నదమ్ములిద్దరి చేలు, ఆ మీద ఎర్రచేను, చివర ఎనుములమంద పడుకున్నంత పెద్ద రాతిగుండు. గుండు దాటితే మా చేను. ఇంటి నుంచి గుండు దాకా ఆగకుండా పోగలిగిన రోజున కాలు బాగైనట్లని నేనూ నాయనా నిర్ణయించుకున్నాం. బడి వేళకు ముందు నేను వెంట పోయేదాన్ని. తోడుకు కాదు, కాపలాకు. వదిలేస్తే ఏ గెనిమ గట్టు మీదో కూర్చుని బీడీ ముట్టిస్తాడు.

ఈ రోగంలో వింత ఏమిటంటే నొప్పి రోజూ అదే దూరంలో పుడుతుంది. నాయనకు వంకచేను మొదట్లో, ఒక తంగేడుపొద పక్కన పుట్టేది. రోజూ అక్కడే నిలబడడం, పళ్లు కరుచుకుని పిక్క పట్టుకోవడం, కాసేపటికి వదిలేసి నడవడం. చేనికి పోయేవాడు చేతిలో పారో కొడవలో పట్టుకుని పోతాడు. ఈయన ఉత్త చేతులతో పోయి, వచ్చి, మళ్లీ పోతున్నాడు. మొదట్లో జనం నన్నే జాలిగా చూసేవారు. "మీ నాయనకు తలకాయ బాగుండాదా అమ్మా?" అని ఒకావిడ బడికే వచ్చి అడిగింది. ఒట్టు వేసిన పాపానికి పళ్లికిలించి ఊరుకున్నాను.

వంకచేను ఆసామి మాత్రం జాలిపడలేదు. గెనిమ చాటున కూర్చుని రోజూ నాయననే చూస్తున్నాడు. మాకేం తెలుసు! తంగేడుపొదను పీకేసి తవ్వడం మొదలుపెట్టాడు. ఎంతో లోతు పోకుండానే నీళ్లు పడ్డాయి. వంక ఒడ్డున ఎక్కడ తవ్వినా అంతో ఇంతో పడతాయి. అది నాకు తెలుసు, నాయనకు తెలుసు, ఆ ఆసామికీ తెలిసుండాలి. కానీ ఎండిన ఊళ్లో నీళ్లు పడితే ఎవరికి బుర్ర పని చేస్తుంది? ఒక పూలదండ, టెంకాయ, అరటిపండ్లు, పైన ఒక బీడీకట్ట పెట్టిన తట్ట నెత్తిన పెట్టుకుని, ఊరందరినీ వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"అన్నా! నీ పిక్కలో జల ఉండాది! ఇన్నేండ్లు ఎట్ల దాచిపెట్టుకుంటివి అన్నా?" అని కాళ్ల మీద పడ్డాడు. అందులోనూ ఎడమ కాలి మీద.

నాయన నిజం చెప్పడానికే నోరు తెరిచాడు. నేను చూశాను, తెరిచాడు. అంతలో దండ మెడలో పడింది. నోరు మూతపడింది. మళ్లీ తెరిచేసరికి, "ఏదో, దేముడిచ్చింది" అన్నాడు. నా చేతిలో సంగటికట్టె ఉంది. జనం ఉన్నారు కాబట్టి ఆయన బతికిపోయాడు.

ఆ రోజు నుంచి మా నడక జాతర అయిపోయింది. మేము బయలుదేరేసరికి ఎవరి చేను గట్టు మీద వాళ్లు నిలబడి ఉండేవారు. నాయన ఎక్కడ నిలబడితే అక్కడ ఒక రాయి పెట్టి, రాయికి పసుపు రాసేవారు. బళ్లో పిల్లలకు కొత్త ఆట దొరికింది. ఒకడు కుంటుతూ నడిచి ఆగిపోతాడు, మిగతావాళ్లు వాడి కాళ్ల కింద గోకుతారు. బడి ముందరి నేలంతా కోళ్లు గీరినట్లు చేశారు వెధవలు.

ఇంతలో అసలు చిక్కు వచ్చింది. మందు పని చేసింది! డాక్టరు చెప్పినట్లే నొప్పి పుట్టే చోటు ముందుకు జరిగింది. నాయన కొత్త బావి దగ్గర ఆగకుండా నడిచిపోతున్నాడు. నాకు సంతోషంతో ఎగరాలని ఉంది. వంకచేను ఆసామికి మాత్రం గుండె జారింది.

"ఏమన్నా, నా బాయి కాడ నిలబడకుండా పోతాండావే? నీళ్లేమైనా జరిగిపోయినాయా?" అని వెంటపడ్డాడు.

"యాడికీ పోలేదులేప్పా, ఉండాయిలే."

"ఉంటే రవ్వంత నిలబడి పోగూడదా? నీ సొమ్మేం పోతాది?"

నాయన దాటిపోయినప్పుడల్లా పాపం ఆయన తాడుకు రాయి కట్టి బావిలోకి దించి నీళ్లు చూసుకునేవాడు.

ఆ తర్వాత నొప్పి అన్నదమ్ముల చేల మధ్య గెనిమ దగ్గర పుట్టింది. నాయన ఒక కాలు అన్న చేన్లో, ఒక కాలు తమ్ముని చేన్లో పెట్టి ఆగిపోయాడు. ఎడమ కాలు నాదంటే నాదని ఇద్దరూ గొడవ. "పట్టింది ఎడమ పిక్కే కదా, అది నా పక్కనుండాది!" అని తమ్ముడు. "మడిమ నా చేన్లో ఉండాది, కండ్లు కనపళ్లేదా!" అని అన్న. మధ్యలో నాయన నొప్పితో మెలికలు తిరుగుతూ, "నాయనా, కొట్టుకోండి గానీ నన్ను కదిలియ్యద్దండి" అంటున్నాడు. ఆ మెలికలు చూసి, జల చాలా పెద్దదని ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఇదంతా నవ్వులాటగానే ఉంది కానీ నాకు ఒళ్లు మండడం అప్పుడే మొదలైంది. నాయనకు మర్యాద రుచి తగిలింది. మజ్జిగ కలిపి తెచ్చిన చేన్లో నొప్పి లేకపోయినా నిలబడుతున్నాడు.

"నిజంగా నొప్పి ఉండాదా?" అని చెవిలో అడిగితే "ఉన్నట్లే ఉండాది" అనేవాడు. అన్నింటికంటే పాపిష్టి సంగతి బీడీలు. ఎవరొచ్చినా బీడీకట్టే తెచ్చేవారు. వద్దని నేను కసురుకుంటే, "పెద్దమనిషికి ఒక బీడీ గూడ ఇయ్యకూడదా? నువ్వేం బిడ్డవమ్మా?" అని నన్నే తిట్టేవారు. నాయన ఆ కట్టల్ని చూరులో దాచి, నేను బడికి పోగానే కాల్చేవాడు. నొప్పి పుట్టే చోటు మళ్లీ వెనక్కి వస్తోంది. వంకచేను ఆసామి సంతోషం చూడాలి!

అప్పుడు ఎడమ కాలి బొటనవేలికి తుమ్మముల్లు గుచ్చుకుంది. మా ఊళ్లో ముల్లు గుచ్చుకోని రోజుంటుందా? పీకి పడేశాడు. కానీ ఆ చోటు మానలేదు. పసుపు పెట్టాం, ఆకు పసరు పిండాం, మానలేదు. ఒక ఉదయం కాలు కడుక్కుంటూ నాయన ఉన్నట్టుండి నన్ను పిలిచి, పాదం నా ముందు పెట్టి, "నల్లబడినట్లుండాదా మా?" అన్నాడు. మెడ మీద నిన్నటి పూలదండ రేకు ఒకటి ఇంకా అంటుకుని ఉంది. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "పో, పోయి ఇంకో దండ ఏయించుకో!" అని అరిచాను. అరిచి, ఆ వేలు పట్టుకుని కూర్చుని ఏడ్చాను.

అనంతపురంలో డాక్టరు వేలు చూశాడు, తర్వాత నాయన నోటి దగ్గర వాసన చూశాడు. మెత్తటి మనిషి అంత గట్టిగా అరవగలడని నేననుకోలేదు. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే వేలు తీయాల్సి వచ్చేదన్నాడు. పుండు మానేదాకా నడక వద్దు, కట్టు మార్చుకోవాలి, మానాక మళ్లీ మొదటి నుంచి నడవాలి, ఇంకొక్క బీడీ కాలిస్తే తన దగ్గరికి రావద్దు అన్నాడు. నాయన ఇంటికి వచ్చి, చూరులోని కట్టలన్నీ పీకి పొయ్యిలో వేశాడు. ఆ పొగకు ఇద్దరం వీధిలోకి పరిగెత్తాం. బీడీ మానిన నాయన పులి మాదిరి ఇల్లంతా తిరుగుతూ, కనపడిన ప్రతి చెంబునూ తిట్టేవాడు. కానీ ముట్టుకోలేదు. ఆ మాట మాత్రం ఎవరి ముందైనా చెబుతాను.

వేలు మెల్లగా మానుతుండగా ఎర్రచేను ఆమె వచ్చింది. నాకు వదిన వరస. మొగుడు బళ్లారి వైపు పనికి పోయి తిరిగి రాలేదు. ఒక జత ఎద్దులతో సేద్యమంతా ఒక్కతే చేసుకునేది. నాయన ముందు గొంతుక్కూర్చుంది.

"మామా, నీ కాలు బాగైనాక మా చేన్లో ఒకసారి నడిచి నిలబడు. ఎద్దుల్ని సంతకు తోలి, ఆ దుడ్లతో బాయి తవ్విస్తా."

"ఎద్దుల్ని అమ్ముకుంటే సేద్యం దేంతో చేస్తావే?"

"నీళ్లుంటే అన్నీ వస్తాయిలే."

నాయన నన్ను చూశాడు. నాకు ఒట్టు అడ్డం. ఆయనే గొంతు సవరించుకున్నాడు. "చూడు పాపా. నాకు నీళ్లూ తెలీదు, నిప్పులూ తెలీదు. నాది కాలురోగం. నొప్పి పుడితే నిలబడతా, పోతే నడుస్తా. అంతే. ఇంకేమీ లేదు."

ఆమె నవ్వింది. "అట్లనే కానీ మామా. వంకచేన్లో నొప్పి పుట్టింది, నీళ్లు పడె. మా చేన్లోనూ పుట్టనీ."

దీనికి ఏం చెబుతారు? నాయన రచ్చకట్ట దగ్గరికి పోయి అందరి ముందూ ఇదే చెప్పాడు. తాను ఎగతాళి చేసిన ప్రతి మనిషీ అక్కడే ఉన్నాడు. కుంటోణ్ణి, రోగిష్టోణ్ణి, నాకేమీ రాదు అని గొంతు పగిలేలా చెప్పాడు. వంకచేను ఆసామి కళ్లు తుడుచుకుని, "చూస్తిరా, ఎంత అణకువో!" అన్నాడు. నాయన ఇంటికి వచ్చి తల కొట్టుకున్నాడు.

ఎర్రచేను ఆమెకు నేను కూడా చెప్పి చూశాను. "నోటితో చెప్తే వినను వదినా. మామ పిక్క చెప్పల్ల. మా చేన్లో నిలబడకుండా పోయినాడంటే నీళ్లు లేవని నమ్ముతా, ఎద్దుల్ని కట్టేసుకుంటా. నడవకనే పోతే మటుకు, ఏదో ఒక చోట తవ్వతా" అంది. మొండి మనిషి.

కట్టు విప్పిన కొన్నాళ్లకు, ఒక ఉదయం నాయన తలపాగా చుట్టుకుని, "పద మా" అన్నాడు. పుండు మానేదాకా కూర్చున్నందుకు దూరం తగ్గిందో, బీడీ మానినందుకు పెరిగిందో తెలియదు. గుండు దాకా ఆగకుండా పోవడం కాని పని అని ఇద్దరికీ తెలుసు. దారిలో ఎక్కడ ఆగినా అక్కడ గుంత పడుతుంది. వెనకాల ఊరంతా, సగం మంది భుజాల మీద గడ్డపారలు.

వంక దాటాం. బావి దాటాం. ఆసామి తాడూ రాయీ సిద్ధంగా పట్టుకుని నిలబడి ఉన్నాడు. అన్నదమ్ముల గెనిమను నాయన ఒక్క అంగలో దాటాడు, ఎవరి చేన్లోనూ ఎక్కువసేపు కాలు లేకుండా. అప్పటికి నాకు ధైర్యం వచ్చింది. ఎర్రచేను సగానికి వచ్చేసరికి ఎడమ పాదం నేల రాయడం వినిపించింది. మొహం చూశాను. కింది పెదవి పళ్ల మధ్య ఉంది. చేను కొసన ఆమె గడ్డపార పట్టుకుని, రాయికి రాయడానికి చెంగున పసుపు ముడి వేసుకుని, నాయన పాదాలనే చూస్తోంది. ఆమె పక్కనే ఎద్దులు, సంతకు పోవడానికి కొమ్ములకు రంగు పూసి ఉన్నాయి.

నాకు ఎద్దులు కనపడలేదు. మొన్నమొన్నే మానిన ఆ వేలే కనపడింది. "నిలబడు నాయనా" అన్నాను. "డాక్టరు నిలబడమన్నాడు. నిలబడు."

"గమ్మునుండు" అన్నాడు. అని, ఊరంతా వినేలా గట్టిగా మాట్లాడడం మొదలుపెట్టాడు. ఈసారి బుడ్డలకు ఎరువు ఎంత వేయాలో, గుంతకల్లు అల్లుడు ఎంత తిండిపోతో, బస్సులో కండక్టరు ఎంత పొగరుబోతో. నోరు నవ్వుతోంది, కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆ కాలు ఎట్లా ఎత్తి ఎట్లా వేశాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఎర్రచేను గట్టు దాటాడు, గుండు చేరాడు, దాని మీద చతికిలబడ్డాడు.

"ఆమె చేన్లోనే పట్టింది మా" అన్నాడు, నాకొక్కదానికే వినపడేలా. "నిలబడింటే ఎద్దులు పోయుండు."

ఆ కాలు నా ఒళ్లో పెట్టుకుని పిక్క పిసుకుతూ కూర్చున్నాను. ఎర్రచేను ఆమె వచ్చి మమ్మల్నిద్దరినీ చాలాసేపు చూసింది. నాయన మొహం చూసింది, నా చేతిలోని కాలు చూసింది. ఏమనుకుందో, చెంగున ఉన్న పసుపు ముడి విప్పి విదిలించింది. "లేవులే మామా, నీళ్లు లేవు. తెలిసిపాయ" అని ఎద్దుల పలుపులు పట్టుకుని ఇంటి వైపు తోలుకుపోయింది.

అంతలో వెనక ఠంగుమని గడ్డపార చప్పుడు. చూస్తే వంకచేను ఆసామి గుండును కొడుతున్నాడు.

"ఏం చేస్తాండావప్పా?" అని అరిచాడు నాయన.

"నువ్వు నిలబడితేనే నీళ్లు పడె కదన్నా! ఈడ ఏకంగా కూచుంటివి! ఎంత జల ఉండల్ల!"

నాయన నవ్విన నవ్వుకు గుండు మీది నుంచి జారి కింద పడ్డాడు. అదృష్టం, కుడి వైపు పడ్డాడు.

ఆ రోజు నుంచి నాయన మా చేనికి ఎర్రచేను మీదుగా పోలేదు. అందులో మళ్లీ నొప్పి పుడితే ఆమె మనసు మారుతుందేమోనని, వంక వెంబడే చుట్టూ తిరిగి పోయేవాడు. వంక ఎవరి చేనూ కాదు, అందులో ఎక్కడ నిలబడినా ఎవరికీ ఆశ పుట్టదు. ఆ దారి బాగా దూరం. ఎండలో అంత చుట్టు తిరగడమెందుకని నేను గొణుగుతూనే ఉన్నాను. అట్లా రోజూ పొద్దునా సాయంత్రం తిరగ్గా తిరగ్గా, ఒకనాడు ఇంటి నుంచి చేను దాకా ఆగకుండా పోయాడు. డాక్టరు పాదం మీద వేళ్లు పెట్టి, ఇంత దూరం ఎట్లా నడుస్తున్నావు పెద్దాయనా అని ఆశ్చర్యపోయాడు. "ఎద్దుల కోసం సార్" అన్నాడు నాయన. డాక్టరు నా వైపు చూశాడు. చెప్పడం మొదలుపెడితే బస్సు పోతుందని నేను చెప్పలేదు.

చాలా ఏళ్ల తర్వాత నాయన ఒక మధ్యాహ్నం చేను చూసి వచ్చి, సంగటి తిని, పడుకుని మళ్లీ లేవలేదు. వాకిట్లో పడుకోబెట్టి, కాళ్ల బొటనవేళ్లు రెండూ కలిపి దారంతో కడుతున్నారు. నేను ఆ ఎడమ వేలినే చూస్తున్నాను. ముల్లు గుచ్చుకున్న మచ్చ ఇంకా ఉంది. పక్కన ఎర్రచేను వదిన నా భుజం పట్టుకుని కూర్చుని ఉంది. "ఆ పొద్దు మామకు మా చేన్లో నొప్పి పుట్టింది, నాకు తెలుసు వదినా" అంది. "రెండు కాళ్లూ తీసుకోనే పోతాండాడులే, ఏడవద్దు" అని, నాకంటే గట్టిగా తనే ఏడ్చింది.